నడుముపట్టా: అపోహలు, వాస్తవాలు

కండ్లకోయ కడ ఔటర్ రింగురోడ్డు దాటి మేడ్చల్ వైపు పోవువారు గోదాముల రేకు కప్పులను, శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి జీనోమ్ వ్యాలీకి సాగువారు ప్రయోగశాలల ఉన్నత కుడ్యములను చూచి అచ్చెరువొందుదురు గాని, వానిపై నిలిచి బోల్టు బిగించు కూలివాని నడుముపట్టా దేనికి తగిలింపబడియున్నదో పరికించువారు అరుదు.

‘బెల్టు పెట్టినాడు, ఇక భయమేల’ అనుట మేస్త్రీల నోట తరచు వినబడు మాట. తాను నిలిచిన పరంజా కర్రకే కొక్కెము తగిలించినవాడు ఆ కర్రతో కూడ కూలును. పైగా నడుమును మాత్రమే చుట్టిన పట్టా, పతనమాగు క్షణమున ఉదరమును నలిపివేయును. అందువలననే అమెరికాలో 1998 జనవరి 1 నుండి పడువానిని ఆపుటకు దానిని వాడరాదని, భుజములను తొడలను చుట్టు హార్నెసునే వాడవలెనని శాసించిరి.

‘ఒక్క అంతస్తే గదా, హార్నెసు చాలును’ అనునది మరియొక భ్రమ. హార్నెసును కొక్కెమునకు కలుపు తాడు 2 మీటర్లు, కుదుపును మ్రింగుటకై కుట్లు విడి సాగు పట్టీ 1.75, వీపుమీది కడియము నుండి పాదములవరకు 1.5, ఎడము 1 కలిపినచో, కొక్కెమునకు దిగువ 6 మీటర్లకు పైబడిన ఖాళీ కావలెను. అది లేనిచోట హార్నెసు తొడిగినవాడును నేలనే తాకును. అచట స్లాబు అంచున కట్టిన కటకటాలే శరణ్యము.

అన్నింటికంటె విచిత్రమైనది, రేకు కప్పుపై కొక్కెములు తగిలించుటకై ఈ కొననుండి ఆ కొనకు కట్టు ఇనుపతాడు ఎంత బిగువైన అంత మేలను నమ్మిక. బిగించి కట్టిన దండెముపై తడిదుప్పటి వేసి, మేకు ఊడివచ్చుట చూచినవారికి దీని మర్మము తెలియును. బరువు పడినపుడు తాడు 5 డిగ్రీలే కుంగినచో, నడుమ పడిన బలమునకు ఆరురెట్లకు చేరువైన లాగుడు కొనలందు పుట్టును. పడువానిని ఆపు బలమును 6 కిలోన్యూటన్లకు తగ్గించినను, కొనకంబము దాదాపు 34 కిలోన్యూటన్లను ఓర్వవలెను. కంబము నాటిన పిదప ఈ లెక్క వేయుట వ్యర్థము. నక్షా గీయునాడే వేయవలెను. మన నక్షాలలో కారు నిలుపు చోటునకున్న గీత ఈ కంబమునకు కానరాదు.

వెలుతురుకై అమర్చిన, కాలు మోపినచో పగులు పారదర్శకపు రేకు, దుమ్ముపట్టి తక్కినవానితో ఏకవర్ణమగును. ‘ఇరువదియేండ్లుగా నడచుచున్నాను’ అను పనివాని పాదమునకు ఆ భేదమెట్లు తెలియును? దాని క్రింద ఇనుపజాలి ముందే పరచియుండవలెను.

తాడు ఆపినంతనే గండము గడచినదనుకొనుటయు పొరపాటే. హార్నెసులో కదలక వ్రేలాడువాడు కొలది నిమిషములకే స్పృహ తప్పవచ్చును. క్రిందివారు ఫైరింజనుకై ఎదురుచూచుచుండగా, వానిని దింపవలసిన నిచ్చెన గోదాము వెనుక గదిలో తాళమువేసి యుండును.