ఆల్ టెరెయిన్ టైర్ల బిగింపు, సంతులనం

పికప్ ట్రక్కు అనగా ముందు భాగంలో మనుషులు కూర్చునే క్యాబిను, వెనుక భాగంలో సరకు వేసుకొనే తెరచిన తొట్టి ఉన్న మోటారు వాహనం. ఇటువంటి వాహనాలు తారు రోడ్డు మీదనే కాక మట్టి, కంకర, ఇసుక దారులలో కూడా నడవడానికి అనువుగా తయారుచేసిన టైర్లను ఆల్ టెరెయిన్ టైర్లు అంటారు. కొత్త టైరును రిమ్ముకు ఎక్కించి గాలి నింపడాన్ని బిగింపు అని, అలా తయారైన చక్రం బరువు ఇరుసు చుట్టూ అన్ని వైపులా సమంగా ఉండేటట్లు సరిదిద్దడాన్ని సంతులనం లేదా వీల్ బ్యాలెన్సింగ్ అని అంటారు. ఈ టైర్లు మామూలు కారు టైర్ల కంటే పెద్దవి, బరువైనవి. కావున బిగింపులోను, సంతులనంలోను జరిగే చిన్న లోపం కూడా వీటిలో పెద్ద ప్రమాదానికి కారణం కాగలదు.

చరిత్ర

గాలి నింపిన రబ్బరు టైరును 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్ నగరంలో సైకిలు కోసం రూపొందించాడు. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు పొందింది. టైరు లోపలి దారాల పొరలు ఒక అంచు నుండి మరొక అంచుకు అడ్డంగా, నిలువు కోణంలో ఉండడం, వాటిపైన ఉక్కు తీగల పట్టీలు ఉండడం రేడియల్ నిర్మాణపు ముఖ్య లక్షణం. 1976లో అమెరికాకు చెందిన బి.ఎఫ్.గుడ్రిచ్ సంస్థ రేడియల్ నిర్మాణంతో ఆల్ టెరెయిన్ టైరును విడుదల చేసింది. పికప్ ట్రక్కుల వాడకం ఎక్కువగా ఉన్న అమెరికాలో ఈ రకం టైర్లు త్వరగా ప్రచారంలోకి వచ్చాయి.

పికప్ టైర్లను సాధారణంగా మూడు రకాలుగా చెబుతారు. హైవే టైర్లకు గాడులు తక్కువ, చప్పుడు తక్కువ. మడ్ టెరెయిన్ టైర్లకు పెద్ద దిమ్మెలు, వెడల్పైన గాడులు ఉంటాయి. ఇవి బురదలో బాగా పట్టు ఇస్తాయి గాని తారు రోడ్డుపై ఎక్కువ చప్పుడు చేస్తాయి. ఆల్ టెరెయిన్ టైరు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది.

టైరుపై ఉండే గుర్తులు

బిగించడానికి ముందు టైరు పక్క గోడపై ఉన్న అంకెలను చదవాలి. ఉదాహరణకు 265/70 ఆర్ 17 అని ఉన్నచో 265 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అనగా పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అనగా 185.5 మి.మీ. ఆర్ అనగా రేడియల్. 17 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. దీనినిబట్టి టైరు మొత్తం వ్యాసం సుమారు 803 మి.మీ. అవుతుంది. అదే బండికి ముందు 265/65 ఆర్ 17 టైర్లు ఉండినచో వాటి వ్యాసం సుమారు 776 మి.మీ. మాత్రమే. కొత్త టైరు సుమారు 3.4 శాతం పెద్దది కావున స్పీడోమీటరు 100 చూపినప్పుడు బండి నిజానికి 103 కి.మీ. పైగా వేగంతో పోతూ ఉంటుంది.

బరువు మోసే శక్తిని తెలిపే సంఖ్యను లోడ్ ఇండెక్స్ అంటారు. 112 అని ఉంటే ఆ టైరు 1120 కిలోలు మోయగలదని అర్థం. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ వాహన తయారీదారు సూచించిన దానికంటే తక్కువగా ఉండరాదు. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2324 అనగా 2024వ సంవత్సరంలో 23వ వారం.

ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకు నాలుగు టైర్లు ఒకే కొలతలో, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. వ్యాసాలలో తేడా ఉంటే చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి గేర్ల వ్యవస్థపై ఒత్తిడి పడుతుంది. స్టెప్నీ టైరుకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

బిగించే విధానం

టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. దీనిని బీడ్ అంటారు. టైరును రిమ్ముకు గట్టిగా పట్టి ఉంచేది ఇదే. పాత టైరు తీసిన తరువాత రిమ్ము అంచున తుప్పు, పాత రబ్బరు, మట్టి లేకుండా శుభ్రం చేస్తారు. రిమ్ము పగిలిందేమో, వంగిందేమో పరీక్షిస్తారు. వాల్వును మార్చి కొత్తది వేస్తారు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుండి తయారైన తేలికపాటి వాహనాలలో గాలి పీడనాన్ని తెలిపే వ్యవస్థ తప్పనిసరి. దీని కోసం అనేక వాహనాలలో రిమ్ము లోపల వాల్వు వద్ద సెన్సరు అమర్చి ఉంటుంది. టైరు ఎక్కించే యంత్రపు కొక్కెం తగిలి అది విరగకుండా జాగ్రత్త పడాలి.

బీడ్ సులువుగా జారడానికి సబ్బు వంటి ప్రత్యేక లేపనం పూస్తారు. గ్రీజు, ఇంజను ఆయిలు వాడరాదు. అవి రబ్బరును పాడుచేస్తాయి. పైగా ఆరిపోవు కావున బ్రేకు వేసినప్పుడు రిమ్ము మీద టైరు జారవచ్చు. టైరుపై తిరిగే దిశను తెలిపే బాణం గుర్తు ఉంటే ఆ ప్రకారమే ఎక్కించాలి.

తరువాతి దశ గాలి నింపడం. ఇది అన్నింటికంటే ప్రమాదకరమైన దశ. గాలి నిండుతున్నకొద్దీ రెండు బీడ్‌లు రిమ్ము అంచుల వైపు జరిగి "టప్" అనే శబ్దంతో తమ స్థానాలలో కూర్చుంటాయి. దీని కోసం చదరపు అంగుళానికి 40 పౌండ్లకు మించి పీడనం పెట్టరాదు. ఆ పీడనం వద్ద పైన చెప్పిన 265/70 ఆర్ 17 టైరు ఒక్కొక్క పక్క గోడపై లోపలి గాలి చూపే మొత్తం బలం సుమారు 10 టన్నుల బరువుకు సమానం. 40 పౌండ్లకు కూడా బీడ్ కూర్చోకపోతే గాలి పూర్తిగా తీసివేసి, కారణం చూసి, మళ్ళీ లేపనం పూసి మొదటి నుండి ప్రారంభించాలి. గాలి పట్టేవారు పొడవైన గొట్టం వాడి, టైరు పక్క గోడకు ఎదురుగా కాక దూరంగా నిలబడాలి. మండే వాయువును టైరులోకి చిమ్మి నిప్పంటించి బీడ్ కూర్చోబెట్టే పద్ధతి ప్రాణాంతకం.

రిమ్ము, టైరు కొలతలు కలవకపోవడం వలన అమెరికాలో అనేక ప్రమాదాలు జరిగాయి. ఒకప్పుడు అక్కడి పికప్ ట్రక్కులకు 16 అంగుళాల రిమ్ములతో పాటు 16.5 అంగుళాల రిమ్ములు కూడా ఉండేవి. 16 అంగుళాల టైరు 16.5 అంగుళాల రిమ్ముపైకి ఎక్కుతుంది గాని బీడ్ సరిగా కూర్చోదు. కూర్చోలేదని మరింత గాలి కొట్టినప్పుడు బీడ్ తీగ తెగి టైరు పేలేది. ఇటువంటి ఒక ప్రమాదంలో గాయపడిన మెకానిక్ వేసిన దావాలో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1998లో తీర్పునిచ్చింది. టైరుపై హెచ్చరిక అంటించినంత మాత్రాన, అంతకంటే సురక్షితమైన నిర్మాణం సాధ్యమైనప్పుడు తయారీదారు బాధ్యత తీరిపోదని ఆ తీర్పు సారాంశం.

సంతులనం ఆవశ్యకత

ఏ టైరూ చుట్టూ ఒకే బరువుతో ఉండదు. రబ్బరు పొరలు, ఉక్కు పట్టీలు అతుకు పడిన చోట బరువు కొంత ఎక్కువగా ఉంటుంది. రిమ్ము, వాల్వు, సెన్సరు కూడా కొంత తేడా తెస్తాయి. ఇందువలన చక్రం గరిమనాభి సరిగా ఇరుసు మీద ఉండక పక్కకు జరుగుతుంది. చక్రం తిరిగేటప్పుడు ఎక్కువ బరువు ఉన్న చోటు చక్రాన్ని బయటికి లాగుతుంది. ఈ బలం ఆ బరువు ద్రవ్యరాశికి, ఇరుసు నుండి దాని దూరానికి, కోణీయ వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఉదాహరణకు ఇరుసు నుండి 20 సెం.మీ. దూరంలో 60 గ్రాముల తేడా ఉన్నదనుకుందాం. 80 సెం.మీ. వ్యాసం గల టైరు గంటకు 90 కి.మీ. వేగంలో సెకనుకు సుమారు 10 చుట్లు తిరుగుతుంది. అప్పుడు కలిగే బలం సుమారు 47 న్యూటన్లు, అనగా దాదాపు 4.8 కిలోల బరువుకు సమానం. అరచేతిలో పట్టే 60 గ్రాములు సెకనుకు పదిసార్లు చక్రాన్ని ఈ బలంతో పైకి, కిందికి కుదుపుతాయి. వేగం గంటకు 30 కి.మీ.కు తగ్గితే బలం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఊరిలో తెలియని వణుకు హైవే ఎక్కగానే బయటపడడానికి కారణం ఇదే. ఇరుసు, చక్రాల సహజ పౌనఃపున్యం సెకనుకు సుమారు 10 నుండి 15 కంపనాలు. చక్రం తిరిగే వేగం దానికి దగ్గరైనప్పుడు అనునాదం వలన వణుకు మరింత పెరుగుతుంది. ఈ వణుకును సరిచేయకపోతే టైరు అక్కడక్కడ గుంటలుగా అరుగుతుంది. బేరింగులు, షాక్ అబ్సార్బర్లు త్వరగా పాడవుతాయి.

సంతులనం చేసే పద్ధతి

అసంతులనం రెండు విధాలు. బరువు ఒకే తలంలో ఒక వైపున ఎక్కువగా ఉంటే దానిని స్థిర అసంతులనం అంటారు. దీని వలన చక్రం ఎగిరెగిరి పడుతుంది. లోపలి అంచున ఒక వైపు, వెలుపలి అంచున దాని ఎదుటి వైపు బరువు ఎక్కువగా ఉంటే అక్కడ బలయుగ్మం ఏర్పడి చక్రం పక్కలకు ఊగుతుంది. వెడల్పైన ఆల్ టెరెయిన్ టైర్లకు ఈ రెండవ దానిని కూడా సరిచేయాలి. కావున రెండు తలాలలోనూ కొలిచే యంత్రాన్నే వాడాలి.

చక్రాన్ని యంత్రపు కడ్డీపై సరిగా మధ్యకు బిగించడం మొదటి పని. ఇక్కడ తప్పు జరిగితే యంత్రం చూపే అంకెలన్నీ తప్పే. చక్రాన్ని తిప్పినప్పుడు ఏ అంచున ఎక్కడ ఎన్ని గ్రాములు చేర్చాలో యంత్రం చూపుతుంది. ఇనుప రిమ్ములకు అంచుకు తగిలించే బరువులు, అల్లాయ్ రిమ్ములకు లోపల అంటించే బరువులు సాధారణంగా వాడతారు. తరువాత మళ్ళీ తిప్పి సున్నా వచ్చిందని నిర్ధారిస్తారు. మరీ ఎక్కువ బరువు అవసరమైతే, రిమ్ముపై టైరును సగం చుట్టు తిప్పి బిగించి చూడడం మేలు. కొన్ని కొత్త టైర్లపై పసుపు చుక్క ఉంటుంది. అది టైరులో తేలికైన చోటు. దానిని వాల్వు వద్దకు తెచ్చి బిగిస్తే చేర్చవలసిన బరువు తగ్గుతుంది.

పూర్వం ఈ బరువులను సీసంతో చేసేవారు. రోడ్డుపై రాలిన సీసం నేలను, నీటిని కలుషితం చేస్తుంది. ఐరోపా సమాఖ్య 2005 నుండి కొత్త కార్లలో వీటిని నిషేధించింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2010లో నిషేధించింది. ప్రస్తుతం ఉక్కు, జింకు బరువులు వాడుకలో ఉన్నాయి.

సంతులనంతో తీరని లోపాలు

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఒకటే అనుకోవడం పొరపాటు. చక్రాలు బండికి ఏ కోణంలో ఉన్నాయో సరిచేసేది అలైన్‌మెంట్. బండి ఒక పక్కకు లాగుతుంటే అది బ్యాలెన్సింగ్‌తో పోదు. టైరు గుండ్రంగా లేకపోయినా, రిమ్ము వంగినా, యంత్రం సున్నా చూపినప్పటికీ వణుకు మిగులుతుంది. అటువంటి టైరుకు మరిన్ని బరువులు చేర్చడం కంటే దానిని మార్చడమే సరైన పని. బురద దారిలో తిరిగి వచ్చిన వెంటనే వణుకు మొదలైతే ముందుగా రిమ్ము లోపల అంటుకున్న బురదను కడగాలి. ఎండిన బురద కూడా అసంతులనాన్ని కలిగిస్తుంది.

వాహనానికి బిగించడం

చక్రం ఆనే ఉపరితలంపై తుప్పు గీకి శుభ్రం చేయాలి. నట్లను ముందుగా చేతితో తిప్పి, తరువాత ఒకదాని తరువాత దాని ఎదుటి దానిని, దశలవారీగా బిగించాలి. వరుసగా ఒక పక్క నుండి బిగిస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది. గాలితో పనిచేసే తుపాకీతో పూర్తిగా బిగించక, చివరి బిగింపును టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన విలువకు చేయాలి. తక్కువైతే నట్లు వదులవుతాయి, ఎక్కువైతే బోల్టులు సాగి విరుగుతాయి. 80 నుండి 160 కి.మీ. నడిచిన తరువాత నట్ల బిగువును మరొకసారి పరీక్షించాలి.

గాలి పీడనాన్ని టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం వద్ద అంటించిన పట్టికలో ఉంటుంది. టైరుపై ముద్రించిన గరిష్ఠ పీడనం వాడవలసిన పీడనం కాదు. అయితే పట్టికలో ఉన్న రకం కాక, ఎల్.టి. అని గుర్తు ఉన్న బరువు టైర్లను వేసినప్పుడు అదే బరువు మోయడానికి ఎక్కువ పీడనం అవసరమవుతుంది. ఆ విలువను టైరు తయారీదారు పట్టిక నుండి తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారం 2016లో ప్రారంభమైంది. డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ ట్రక్కులు ఇక్కడ తయారవుతాయి. అదే జిల్లాలోని చినపాండూరులో అపోలో టైర్ల కర్మాగారం 2020లో ఉత్పత్తి ప్రారంభించింది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉంది.