అనుబంధ పోషకాలు: అవసరమెంత? ఆడంబరమెంత?

మానవ శరీరానికి కావలసిన పోషకాలు ప్రధానంగా ఆహారం ద్వారానే లభించాలి. ఆహారంలో కొరవడిన దానిని పూరించడానికి మాత్రల రూపంలోనో, పొడి రూపంలోనో తీసుకొనే వాటిని అనుబంధ పోషకాలంటారు. అవి అన్నానికి తోడే గాని అన్నానికి మారు కావు. నేటి విద్యార్థి లోకంలో ఈ తారతమ్యం మరుగున పడుతున్నది. కండ పెరగాలని కొందరు ప్రోటీన్ పొడులను, పరీక్షల వేళ జ్ఞాపకశక్తి పెరగాలని మరికొందరు విటమిన్ మాత్రలను వైద్యుని సలహా లేకుండానే వాడుతున్నారు.

విటమిన్ల మహిమ కాదనలేనిది. అందుకు మన తెలుగునాటి చరిత్రే సాక్ష్యం. దక్కన్ పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారంగా బ్రతికిన పేదలకు పెల్లాగ్రా అనే చర్మవ్యాధి సోకేది. జొన్నలో ల్యూసిన్ అధికంగా ఉండటం ఇందుకు ఒక కారణమని హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించారు. నియాసిన్ అనే విటమిన్‌తో ఆ వ్యాధి నయమయ్యేది. అట్లే 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. గర్భిణీ స్త్రీల రక్తహీనతకు అది నేటికీ దివ్యౌషధమే. అయితే ఈ రెండు సందర్భాలలోనూ ముందు లోపాన్ని గుర్తించారు, ఆ తరువాతనే మాత్ర ఇచ్చారు. ఈ వరుసను మనం మరువరాదు.

మన యువతలో నిజంగా ఉన్న లోపమేది? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏండ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. తరగతిలో అలసట, తలతిప్పు, చదువుపై ఏకాగ్రత కుదరకపోవడం ఇందుకు చిహ్నాలు కావచ్చు. ఇట్టివారికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర ఆడంబరం కాదు, అవసరం. అది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా లభిస్తుంది. మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ త్రాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసం, ఉసిరి దానికి తోడ్పడతాయి. రంజాన్ మాసంలో ఉపవాసం ఉండేవారు ఇఫ్తార్ భోజనానంతరం దానిని వేసుకోవచ్చు. మలం నల్లబడితే భయపడి మానరాదు.

ఇక ప్రోటీన్ సంగతి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతుడికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అనగా 60 కిలోల యువకునికి సుమారు 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యంలో దాదాపు 22, 60 గ్రాముల కందిపప్పులో 13, ఒక కోడిగ్రుడ్డులో 6, గ్లాసు పాలలో 6, పిడికెడు పల్లీలలో 7 గ్రాములు ఉంటాయి. మొత్తం 54! కఠిన వ్యాయామం చేసేవారికి కొంత అధికం కావలసినా, మరికొంత పప్పు, మరొక గ్రుడ్డు ఆ కొరతను తీరుస్తాయి. ఇంటివారు ఫీజుకోసం కూడబెట్టిన సొమ్మును డబ్బాలకు ధారపోయనవసరం లేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికైతే అధిక ప్రోటీన్ హానికరం కూడా.

మితిమీరిన విటమిన్లూ నిరపాయకరం కావు. 'సి' విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. ఎ, డి విటమిన్లు మాత్రం శరీరంలో నిలువ ఉండి విషప్రాయమవుతాయి. బి12 లోపించినవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్లు కనిపించినా నరాలకు జరిగే హాని ఆగదు. ఈ పదార్థాలు ఔషధాలు కావని లేబిలుపై స్పష్టంగా ముద్రించాలని 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నవి.

ఫ్లోరైడ్ నీటితో దశాబ్దాలు బాధపడిన నల్లగొండ జిల్లావారికి మంచి ఆహారం విలువ వేరే చెప్పనక్కరలేదు. కాల్షియం కొరవడిన శరీరంలో ఫ్లోరైడ్ కీడు అధికమవుతుంది. రాగులు, పాలు, మునగాకు, సజ్జ రొట్టె మన చిట్యాల ప్రాంతానికి కొత్తవి కావు.

కావున విద్యార్థులు ముందు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు లోపమున్నదన్న పిమ్మటే మాత్ర వాడాలి. ఏటా ఒకసారి కళాశాలలోనే హిమోగ్లోబిన్ పరీక్ష జరిపించే విషయాన్ని కళాశాల కమిటీ పెద్దలు పరిశీలిస్తే, అవసరమున్న విద్యార్థినికి మాత్ర అందుతుంది. అవసరం లేని విద్యార్థికి డబ్బు మిగులుతుంది.