వార్తల్లో పదం: రెట్రోగ్రెషన్

అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో గ్రీన్‌కార్డు కటాఫ్ తేదీ ముందుకు కదలాల్సింది పోయి వెనక్కి జరగడమే రెట్రోగ్రెషన్. చాలామంది ఉద్యోగులకు, వారి తరఫున లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు అందిన రోజే ప్రయారిటీ డేట్. అది కటాఫ్ కంటే ముందుదైతేనే కార్డు వస్తుంది. ఉద్యోగ కోటా ఏడాదికి దాదాపు 1,40,000. భార్యాపిల్లలూ అందులోనే లెక్క. పైగా ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, అదీ పుట్టిన దేశాన్ని బట్టి. గిరాకీ కోటాను మించేలా ఉంటే తేదీని వెనక్కి లాగుతారు. మీ తేదీ 2012 డిసెంబరు 20, కటాఫ్ 2013 జనవరి 1 అనుకోండి. కటాఫ్ 2012 సెప్టెంబరుకు జారితే కార్డు ఆగిపోతుంది.

వరుసలో ఉన్నవాళ్లను వెనక్కి నెట్టడమే కదా అనవచ్చు. కానీ ప్రయారిటీ డేట్ మారదు, వరుసలో స్థానమూ పోదు. అక్టోబరు 1న కొత్త కోటా మొదలయ్యాక కటాఫ్ మళ్లీ ముందుకు రావచ్చు. అయినా దీన్ని కాగితాల జాప్యంగా కొట్టిపారేయలేం: వయసు లెక్కింపులో కొంత సడలింపు ఉన్నా, ఈలోగా 21 దాటిన పిల్లలు తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోవచ్చు.