ఇల్లు వెంట లాక్కెళ్లేవారికి ఫ్రిజ్ తంటా

కారు వెనుక చిన్న ఇల్లు తగిలించుకుని ఊరూరా తిరగడం ఆస్ట్రేలియాలో ఉద్యోగ విరమణ చేసిన వారికి పెద్ద సరదా. ఆ చక్రాల ఇంటి పేరు కారవాన్. మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ అందులోనే. చిక్కల్లా ఫ్రిజ్‌తోనే.

సెడూనా నుంచి నల్లార్బార్ మైదానం మీదుగా నార్స్‌మన్‌కు దారి సుమారు 1,200 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు, భోజనం దొరికే రోడ్‌హౌస్‌లే గాని ఫ్రిజ్ బాగుచేసేవారు దొరకడం అరుదు. బాలడోనియా, కైగూనాల నడుమ 146 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుకు ఒక్క వంపూ లేదు. ఇన్సులిన్ వెంట తెచ్చుకున్న పెద్దాయనకు 40 డిగ్రీల ఎండలో అక్కడ ఫ్రిజ్ ఆగితే మాటలు కాదు.

కారవాన్లలో చాలాకాలంగా వాడుతున్నది మూడు విధాల నడిచే ఫ్రిజ్. దారిలో కారు నుంచి 12 వోల్టులు, ఊళ్లో 240 వోల్టుల కరెంటు, అదీ లేనిచోట గ్యాస్. దీనికి మోటారు ఉండదు. నీటిలోని అమ్మోనియా వేడికి ఆవిరై పైకి పోయి, ద్రవమై కిందికి జారి, మళ్లీ ఆవిరవుతూ చల్లదనమిస్తుంది. బండి ఒక పక్కకు ఒరిగితే ద్రవం సరిగా జారదు. అందుకే ఆగిన చోటల్లా చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమంగా నిలపడం మొదటి పని. మంట వెలగలేదా, బర్నరులో సాలెగూడో, కందిరీగ పెట్టిన మట్టిగూడో ఉందేమో చూడాలి. పెట్రోలు బంకు చేరకముందే మంట ఆర్పాలి.

ఇంత తంటాపడి కాపాడిన పచ్చి కూరగాయలను, పళ్లను, తేనెను పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దున బోర్డర్ విలేజ్ వద్ద అధికారులకు అప్పగించాల్సిందే! పురుగులు, తెగుళ్లు రాకుండా ఈ కట్టడి. తెలిసినవారు ముందురోజే వండుకు తినేస్తారు.