మొటిమలకు రెటినాయిడ్ పూతమందులు

రెటినాయిడ్ పూతమందులు మొటిమలను తగ్గించడానికి, కొత్తవి రాకుండా ఆపడానికి చర్మముపై రాసే మందులు. వీటిలో కొన్ని విటమిన్ ఎ నుండి వచ్చినవి. మరికొన్ని విటమిన్ ఎ వలెనే చర్మకణాలపై పనిచేసేటట్లు ప్రయోగశాలలో రూపొందించినవి. ట్రెటినాయిన్, అడాపలీన్, టజారొటీన్, ట్రైఫారొటీన్ ఈ కోవలో ముఖ్యమైనవి. మొటిమల చికిత్సకు వీటిని పునాదిగా వైద్యులు భావిస్తారు. అయినప్పటికీ వీటిని మొదలుపెట్టినవారిలో అనేకులు మూడు నాలుగు వారాలలోనే మానివేస్తారు. మందు మేలు కంటికి కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది; మంట, ఎరుపు, పొట్టు రాలడము మాత్రము మొదటి వారములోనే కనిపిస్తాయి. ఈ సంగతి ముందుగా తెలియకపోవడమే చికిత్స విఫలము కావడానికి ఒక పెద్ద కారణము.

మొటిమ పుట్టుక

చర్మములోని ప్రతి రోమకూపము పక్కన తైలగ్రంథి ఉంటుంది. అది స్రవించే జిడ్డు రోమకూపము గుండా పైకి వచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. రోమకూపము లోపలి గోడ నుండి మృతకణాలు ఎప్పటికప్పుడు రాలి, ఆ జిడ్డుతోపాటు బయటకు పోతాయి. యుక్తవయసులో హార్మోన్ల ప్రభావము వలన జిడ్డు ఎక్కువవుతుంది. అదే సమయములో కొందరిలో మృతకణాలు విడివిడిగా రాలక ఒకదానికొకటి అతుక్కుని రోమకూపాన్ని మూసివేస్తాయి. ఇలా ఏర్పడిన బిరడా మొదట్లో కంటికి కనిపించదు. దీనిని సూక్ష్మ కొమెడోన్ అంటారు. ఇది పెరిగి చర్మము కిందనే మూసుకుని ఉంటే వైట్‌హెడ్ అనీ, నోరు తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్ అనీ వ్యవహరిస్తారు. బ్లాక్‌హెడ్‌లోని నలుపు మురికి కాదు, మెలనిన్ అనే వర్ణకము. ఎంత రుద్ది కడిగినా అది పోకపోవడానికి కారణము ఇదే.

మూసుకుపోయిన రోమకూపములో క్యూటిబాక్టీరియమ్ ఏక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది (2016 వరకు దీని పేరు ప్రొపియోనిబాక్టీరియమ్ ఏక్నెస్). శరీరము దానిపై ప్రతిస్పందించినపుడు వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి. మనము మొటిమ అని పిలిచేది ఈ ఆఖరి దశను మాత్రమే. అద్దములో మొటిమ కనిపించే నాటికి దాని కథ కొన్ని వారాల కిందటే మొదలై ఉంటుంది. అందుచేత కనిపించిన మొటిమ మీద మాత్రమే మందు చుక్క పెట్టడము వలన ప్రయోజనము స్వల్పము. దాని చుట్టూ శుభ్రముగా కనిపించే చర్మములో రాబోయే నెల మొటిమలు అప్పటికే సిద్ధమవుతూ ఉంటాయి.

మందు పనిచేసే తీరు

రెటినాయిడ్లు చర్మకణము లోపలికి వెళ్ళి కేంద్రకములోని రెటినాయిక్ ఆమ్ల గ్రాహకాలకు అతుక్కుంటాయి. 1987లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పియర్ షాంబోన్ బృందము, అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందము ఈ గ్రాహకాన్ని విడివిడిగా కనుగొన్నాయి. వీటిలో ఆల్ఫా, బీటా, గామా అనే మూడు రకాలున్నాయి. చర్మములో గామా రకము ఎక్కువ. మందు అతుక్కున్న గ్రాహకము డి.ఎన్.ఎ.పై కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్నింటిని అణచి ఉంచుతుంది. దాని ఫలితముగా రోమకూపము గోడలోని కణాలు క్రమపద్ధతిలో పెరిగి, అతుక్కోకుండా విడివిడిగా రాలిపోతాయి. పాత బిరడాలు వదులవుతాయి, కొత్తవి ఏర్పడవు. వాపును కూడా ఇవి కొంతవరకు తగ్గిస్తాయి.

ఈ పూతమందులు సూక్ష్మజీవులను నేరుగా చంపవు, జిడ్డును కూడా చెప్పుకోదగినంతగా తగ్గించవు. జిడ్డును తగ్గించేది నోటి ద్వారా తీసుకునే ఐసోట్రెటినాయిన్. అది వేరే మందు, దాని నియమాలూ ప్రమాదాలూ వేరు. మరొక అపోహ, రెటినాయిడ్ వాడితే చర్మము శాశ్వతముగా పలచబడుతుందనేది. నిజానికి మృతకణాలతో కూడిన పైపొర మాత్రమే పలచబడుతుంది; దాని కింద ఉన్న సజీవమైన పొర కాలక్రమేణా మందమవుతుంది.

చరిత్ర

మొటిమలకు విటమిన్ ఎ వాడాలన్న ఆలోచన పాతదే. 1940లలో అమెరికాలో మొటిమల రోగులకు పెద్ద మోతాదులో విటమిన్ ఎ మింగించి చూశారు. అయితే అధిక మోతాదులో విటమిన్ ఎ తలనొప్పికి, కాలేయపు జబ్బుకు దారితీస్తుంది. మందును చర్మానికే పరిమితము చేయగలిగితే ఈ ప్రమాదము తప్పుతుంది. విటమిన్ ఎ ఆమ్లాన్ని, అనగా ట్రెటినాయిన్‌ను, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 1946లో కృత్రిమముగా తయారుచేశారు. 1962లో జర్మనీకి చెందిన గుంటర్ స్టుట్‌గెన్ దీనిని చర్మవ్యాధులపై పూతగా పరీక్షించారు. మొటిమలపై దీని ప్రభావాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్, జేమ్స్ ఫుల్టన్, గెర్డ్ ప్లెవిగ్ 1969లో ప్రకటించారు. 1971లో రెటిన్-ఎ అనే పేరుతో ఇది అమెరికాలో ఆమోదము పొందింది.

ఈ చరిత్రకు ఒక చీకటి కోణము ఉన్నది. 1951 నుండి 1974 వరకు ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారములో క్లిగ్‌మన్ ఖైదీలపై అనేక పదార్థాలను పరీక్షించారు. ట్రెటినాయిన్ కూడా వాటిలో ఒకటి. ఖైదీలలో అధికులు నల్లజాతివారు. వారికి కొద్దిపాటి సొమ్ము ముట్టేది, కానీ తమ ఒంటిపై ఏమి రాస్తున్నారో, దాని ప్రమాదము ఎంతో తెలియజెప్పేవారు కారు. అలెన్ హార్న్‌బ్లమ్ 1998లో ప్రచురించిన 'ఏకర్స్ ఆఫ్ స్కిన్' అనే పుస్తకము ఈ సంగతులను విస్తృతముగా వెలుగులోకి తెచ్చింది. క్లిగ్‌మన్ 2010లో మరణించారు. పెన్సిల్వేనియా వైద్య కళాశాల 2021లో, ఫిలడెల్ఫియా నగర పాలకులు 2022లో క్షమాపణ చెప్పారు. మందు మంచిదైనంత మాత్రాన అది వచ్చిన దారి మంచిది కానక్కరలేదు.

రకాలు

ట్రెటినాయిన్ 0.025, 0.05, 0.1 శాతము గాఢతలలో దొరుకుతుంది. భారతదేశములో రెటినో-ఎ అనే పేరు చాలామందికి పరిచయమే. ఇది వెలుతురుకు చెడిపోతుంది కనుక రాత్రిపూట రాయాలి. మామూలు ట్రెటినాయిన్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి ఒకే వేళ రాస్తే పాడైపోతుంది. అడాపలీన్ పూర్తిగా కృత్రిమమైనది. వెలుతురుకు, పెరాక్సైడ్‌కు తట్టుకుంటుంది, మంట కూడా తక్కువ. అమెరికాలో 1996లో ఆమోదము పొందిన ఈ మందు యొక్క 0.1 శాతము జెల్‌ను 2016 నుండి అక్కడ వైద్యుని చీటీ లేకుండానే అమ్ముతున్నారు. టజారొటీన్ (1997) బలమైనది, మంట కూడా ఎక్కువే. ట్రైఫారొటీన్ (2019) ప్రధానముగా గామా గ్రాహకముపై పనిచేస్తుంది. ముఖముతో పాటు వీపు, ఛాతీ మీది మొటిమలపై కూడా దీనిని పరీక్షించారు.

సౌందర్య సాధనాలలో కలిపే రెటినాల్ వీటికి దూరపు చుట్టము వంటిది. చర్మములో అది మొదట రెటినాల్డిహైడ్‌గా, పిమ్మట రెటినాయిక్ ఆమ్లముగా మారితేగాని పనిచేయదు. కనుక దాని బలము తక్కువ. మొటిమల మందుకు బదులుగా దానిని వాడలేము.

వాడే పద్ధతి

రాత్రి పడుకునే ముందు గాఢత తక్కువైన సబ్బుతోగాని, ఫేస్‌వాష్‌తోగాని ముఖము కడుక్కుని, తడి పూర్తిగా ఆరిన తరువాత మందు రాయాలి. తడి చర్మముపై రాస్తే మంట పెరుగుతుంది. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత మందు చాలు. దానిని నుదురు, బుగ్గలు, గడ్డముపై చుక్కలుగా పెట్టి పలుచగా పరచాలి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందనుకోవడము పొరపాటు. ఎక్కువయ్యేది మంట మాత్రమే. కనురెప్పలు, ముక్కుపుటాల మూలలు, పెదవుల చివర్లు వదిలివేయాలి. కావలసినవారు మందుకు ముందుగా ఆ మూలలకు కొద్దిగా వాసెలిన్ రాసుకోవచ్చు.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, సున్నితమైన చర్మము కలవారు మూడు రోజులకొకసారి రాసి, చర్మము అలవాటుపడిన కొద్దీ ప్రతి రాత్రికి పెంచుకోవడము క్షేమము. వాసన లేని మాయిశ్చరైజర్‌ను మందుకు ముందుగాని తరువాతగాని రాసుకోవచ్చు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. మండుటెండలో తిరగవలసినవారు గొడుగునో, టోపీనో కూడా ఆశ్రయించడము మేలు.

ఈ రోజులలో మానవలసినవి కొన్ని ఉన్నాయి. శనగపిండితో రుద్దడము, నిమ్మరసము పిండి రాయడము, టూత్‌పేస్టు పెట్టడము, గరుకు స్క్రబ్బులు, బ్లీచింగ్ వంటివి మామూలు చర్మానికే అంత మంచివి కావు. రెటినాయిడ్ రాస్తున్న ముఖానికి ఇంకా హాని. పై పెదవికి, గడ్డానికి వాక్సింగ్ చేయిస్తే చర్మము పొరగా ఊడి పుండు పడే ప్రమాదము ఉన్నది. బ్యూటీ పార్లరుకు వెళ్ళేవారు ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి.

చీముతో కూడిన మొటిమలు ఉన్నపుడు రెటినాయిడ్‌తో పాటు బెంజాయిల్ పెరాక్సైడ్‌ను గాని, దానికి జతగా క్లిండమైసిన్ వంటి యాంటీబయాటిక్ పూతను గాని వైద్యులు చేరుస్తారు. యాంటీబయాటిక్‌ను ఒంటరిగా నెలల తరబడి రాస్తే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా పోతాయి.

మొదటి పన్నెండు వారాలు

మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ముఖము బిగిసినట్లు అనిపించవచ్చు. నోటి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది. కడుక్కున్నపుడు చుర్రుమంటుంది. ఈ బాధ సాధారణముగా మొదటి రెండు నుండి నాలుగు వారాలలో ఎక్కువగా ఉండి, తరువాత క్రమముగా తగ్గుతుంది. కొందరిలో ఇదే సమయములో మొటిమలు ఎక్కువైనట్లు కూడా కనిపిస్తాయి. అయితే ఇది అందరికీ జరగదు. మొటిమలు పెరగకపోతే మందు పనిచేయడము లేదని అనుకోకూడదు.

ఇరవై ఏళ్ళలోపు వయసులో, కళాశాలకు వెళ్ళవలసిన ముఖముపై ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించవచ్చు. పోయిన వారము మూడు మొటిమలు. ఈ వారము ఆరు, పైగా పొట్టు. ఇంట్లోవారు మందు పడలేదంటారు. ట్యూబు మూలకు చేరుతుంది. మరికొన్నాళ్ళకు మరొక మందు మొదలై, అది కూడా మూడు వారాలకే ఆగిపోతుంది. ఇలా రెండు మూడేళ్ళు గడచిపోగా, ఈలోగా లోతైన మొటిమలు ముఖముపై గుంటలను మిగిల్చిపోవచ్చు. మొటిమను తగ్గించడము కన్నా గుంటను పూడ్చడము చాలా కష్టము.

మందు పనిచేస్తున్నదో లేదో ఎనిమిది వారాల ముందు చెప్పడము కష్టము. పన్నెండు వారాల వద్ద నిర్ణయించుకోవడము ఉచితము. ప్రతిరోజూ అద్దము చూసేవారికి మార్పు తెలియదు. మొదటి రోజున, ఆ తరువాత నెలకొకసారి, అదే కిటికీ వద్ద అదే వెలుతురులో ఒక ఫోటో తీసి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది.

ఓర్చుకోవడానికి కూడా హద్దు ఉన్నది. మంట భరించరానిదైనా, చర్మము రసి కారినా, ముఖము వాచినా మందు ఆపి వైద్యుని కలవాలి. చామనఛాయ, నలుపు చర్మము కలవారు ఈ విషయములో మరింత జాగ్రత్త వహించాలి. మన చర్మములో మంట, వాపు ఎక్కడ తలెత్తినా అక్కడ నల్లమచ్చ మిగిలిపోయే గుణము ఎక్కువ. మొటిమ వలన పడే మచ్చలను రెటినాయిడ్లు నెమ్మదిగా తగ్గిస్తాయి. అదే మందును మోతాదు మించి రాస్తే ఆ మంట వలననే కొత్త మచ్చలు పడతాయి. కనుక తక్కువ గాఢతతో, నిదానముగా మొదలుపెట్టడము మనకు మరీ ముఖ్యము. చర్మము ఎర్రబడి పొట్టు ఊడితేనే మందు పనిచేస్తున్నట్లని తలచడము సరికాదు.

మొటిమలు తగ్గిన తరువాత కూడా మందును వెంటనే మానకూడదు. సూక్ష్మ కొమెడోన్లు మళ్ళీ ఏర్పడుతూనే ఉంటాయి కనుక వైద్యులు చాలా సందర్భాలలో కొన్ని నెలల పాటు దీనిని కొనసాగించమంటారు.

గర్భధారణ

నోటి ద్వారా తీసుకునే ఐసోట్రెటినాయిన్ గర్భస్థ శిశువుకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. పూతమందులు రక్తములోకి చేరేది చాలా తక్కువే అయినా, గర్భిణులు, గర్భము కోరుకుంటున్నవారు వీటిని వాడరాదని యూరోపియన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో స్పష్టము చేసింది. తెలియక రాసుకుంటూ ఉండగా గర్భము వస్తే భయపడనవసరము లేదు. మందు ఆపి వైద్యునికి చెప్పాలి.

స్టెరాయిడ్ కలిసిన క్రీములు

1975లో క్లిగ్‌మన్, విల్లిస్ ముఖముపై నల్లమచ్చలకు ఒక మిశ్రమాన్ని ప్రతిపాదించారు. అందులో ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్, ఒక స్టెరాయిడ్ ఉండేవి. మంగు వంటి మచ్చలకు, వైద్యుని పర్యవేక్షణలో, కొద్ది వారాల పాటు వాడవలసిన మందు ఇది. ఈ తరహా మిశ్రమాలు భారతదేశములో మందుల దుకాణాల నుండి నేరుగా ఇళ్ళకు చేరి, తెల్లబడే క్రీములుగాను, మొటిమల మందులుగాను చలామణి అయ్యాయి. పక్కింటివారు చెప్పారని, దుకాణదారు ఇచ్చాడని వీటిని ఏళ్ళ తరబడి రాసుకున్నవారు ఉన్నారు.

వీటి ఆకర్షణ అర్థము చేసుకోదగినదే. అసలైన రెటినాయిడ్ మొదటి వారములో మంట పుట్టిస్తే, స్టెరాయిడ్ కలిసిన క్రీము అదే వారములో ఎరుపును అణచి ముఖాన్ని నునుపుగా చూపిస్తుంది. కానీ నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ వలన చర్మము నిజముగానే పలచబడుతుంది. రక్తనాళాలు ఎర్రని గీతలుగా పైకి కనిపిస్తాయి, ముఖముపై నూగు పెరుగుతుంది, కొత్త మొటిమలు గుంపులుగా వస్తాయి. మానివేసిన కొద్ది రోజులకే ముఖము ఎర్రబడి మండుతుంది. ఆ మంట తాళలేక మళ్ళీ అదే క్రీము రాస్తారు. భారత చర్మవైద్యుల సంఘము దీనిపై ఒక ప్రత్యేక కార్యదళాన్ని ఏర్పరచి ప్రచారము చేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వము స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది.

ట్యూబు కొనేటపుడు పెద్ద అక్షరాల పేరును కాక, దాని కింద చిన్న అక్షరాలలో ఉండే మందుల పేర్లను చదవాలి. ట్రెటినాయిన్ పక్కన మొమెటాసోన్, ఫ్లూసినొలోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి పేర్లలో ఏది కనిపించినా అది మొటిమల మందు కాదు. ఇప్పటికే అటువంటి క్రీమును చాలాకాలముగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానివేయక, చర్మవైద్యుని సలహాపై మానుకోవాలి.