సువర్ణరేఖ ఇసుకలో బంగారం ఎక్కడిది?

ఖరగ్‌పూర్‌లో టాటానగర్ వైపు వెళ్లే రైలెక్కితే సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఘాట్‌శిలా వస్తుంది. రైల్వే వర్క్‌షాపు ఉద్యోగాలతో ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఒక్కపూట ప్రయాణం. రైలు వాయవ్యంగా సాగేకొద్దీ చదును పొలాలు తగ్గి సాల అడవులు, కొండలు మొదలవుతాయి. ఘాట్‌శిలా పక్కనే పారే నది సువర్ణరేఖ. ఆ పేరు కవుల కల్పన కాదు. వరద తగ్గాక జార్ఖండ్‌లో ఈ నది వెంబడి పలుచోట్ల ఆదివాసీ కుటుంబాలు ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకుంటాయి.

రాంచీ సమీపంలో పుట్టిన ఈ నది, దాని ఉపనదులు ఛోటానాగ్‌పూర్ పీఠభూమిలోని అతిప్రాచీన శిలలను కోసుకుంటూ వస్తాయి. ఆ శిలల్లో అక్కడక్కడా స్ఫటికశిల (క్వార్ట్జ్) పొరలున్నాయి. కొన్నింటిలో బంగారం ఉంది. ఎండకూ వానకూ రాయి శిథిలమవుతుంది, బంగారం మాత్రం తుప్పు పట్టదు, కరగదు. రేణువుగా విడిపోయి నీటితో కొట్టుకొస్తుంది.

బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు, మామూలు ఇసుకది 2.65 రెట్లు. నీటిలో మునిగినప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది: ఒకే పరిమాణంలో ఉన్న ఇసుక రేణువు కంటే బంగారు రేణువు దాదాపు 11 రెట్లు బరువు తూగుతుంది. అందుకే ప్రవాహం నెమ్మదించే చోట, అంటే వంపు లోపలి ఒడ్డున, బండరాళ్ల వెనుక, అది ముందుగా అడుగున చేరుతుంది. చెక్క పళ్లెంతో చేసే పని మన ఇళ్లలో బియ్యం గాలించడం లాంటిదే. తేలికైన ఇసుక నీటితో పోతుంది, నల్లటి ఇనుప ఖనిజపు ఇసుక, దానితోపాటు బంగారం అడుగున మిగులుతాయి.

అయితే 1896లో కెనడా ఉత్తరాన క్లోండైక్‌కు జనం పరుగెత్తినట్టు ఇక్కడికి ఎందుకు రాలేదు? అక్కడ వాగుల అడుగున, గడ్డకట్టిన నేల కింద, గులకరాళ్ల పొరల్లో బంగారం పోగుపడి ఉంది. ఇక్కడ అది విశాలమైన ప్రాంతమంతా పలచగా చెదిరిపోయింది. తూర్పు సింగ్‌భూమ్‌లోని కుంద్రుకోచా దగ్గర ఒక చిన్న గని ఉన్న మాట నిజమే. నది ఇసుకకు మాత్రం లెక్క వేరు. 0.2 మిల్లీమీటర్ల ఘనం లాంటి రేణువు బరువు సుమారు 0.15 మిల్లీగ్రాములు. ఒక గ్రాము కావాలంటే అలాంటివి ఆరు వేలకు పైగా ఏరాలి. మోకాలిలోతు నీళ్లలో రోజంతా వంగి చేసే ఈ పనికి వచ్చే ఆదాయం, బంగారం ధర విన్నవాళ్లు ఊహించుకునేదానికి చాలా దూరం.

బంగారాన్ని పాదరసంతో కలిపి వేడిచేసి వేరుచేసే పద్ధతి అనేక దేశాల్లో ఉంది. ఆ ఆవిరి నాడీవ్యవస్థను దెబ్బతీస్తుంది, నీటిలో చేరిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరుతుంది. 2013 నాటి మినమాటా ఒప్పందం ఈ వాడకాన్ని తగ్గించమంటోంది. గాలింపుతో సరిపెట్టుకునేచోట ఆ ప్రమాదం లేదు.

ప్రతి వరదా ఎగువ నుంచి కొత్త ఇసుకను తెస్తేనే రేణువులు మళ్లీ దొరుకుతాయి. సువర్ణరేఖపై చాండిల్ దగ్గర ఇప్పుడు పెద్ద ఆనకట్ట ఉంది. జలాశయంలో నీటి వేగం పడిపోగానే ముందుగా అడుగుకు చేరేవి బరువైన రేణువులే.