వార్తాభాషలో కర్తృలోపము: గుంటూరు, ప్రకాశము సీమల సంఘర్షణ వార్తలు

'పితూరి' యను మాట నేడు మన వాడుకలో చిన్నదై పోయినది. ఒకరిపై నింకొకరు పెద్దలకడ చెప్పు చాడికే ఆ పేరు మిగిలినది. కాని మద్రాసు ప్రభుత్వపు రికార్డులలో ఆ పదము తిరుగుబాటునకు పేరు. 1879లో రంప కొండలలో చెలరేగినదియు, 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపినదియు ఆ రికార్డులలో పితూరులే. మొఱయు, తిరుగుబాటును ఒకే మాటలో నిమిడియుండుట వింత గాదు. వినువానికి ఇష్టము లేనప్పుడు మొఱయే తిరుగుబాటుగా వ్రాయబడును. ఆ దినములలోనే, 1921-22లో, పల్నాటి రైతులు అడవిలో పశువులను మేపుకొన్నందులకు పుల్లరి చెల్లింపమని నిలిచిరి. ఆ ఉద్యమమున కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకి గుండ్లకు ప్రాణము విడిచెను. జనులకది సత్యాగ్రహము, ప్రభుత్వమునకు శాంతిభద్రతల భంగము. జరిగినది యొకటే, పేర్లు రెండు. ఏ పేరు పత్రికకెక్కునో ఆ పేరే దూరముననున్న పాఠకునకు జరిగిన సంగతి యగును.

ఈ వ్యాసమున మేము కృష్ణానదికి దక్షిణముననున్న ప్రత్తి, మిర్చి, పొగాకు పండు మైదానములలోను, వానిని ఆనుకొనియున్న పల్నాటిలోను గడచిన నాలుగు దశాబ్దములలో జరిగిన కొన్ని హింసాసంఘటనలను గైకొని, వానిని చెప్పుటకు వాడుకలోనికి వచ్చిన పదములను పరిశీలింపదలచితిమి. 2022లో జిల్లాలు విభజింపబడిన పిదప ఈ యూళ్లు బాపట్ల, పల్నాడు మున్నగు జిల్లాలలో చేరినవి. సంఘటనలు జరిగిననాటి జిల్లాల పేర్లనే మేము వాడుచున్నాము. నేరస్థులను నిర్ణయించుట న్యాయస్థానముల పని. ఒక పదము ఆ నిర్ణయమును ముందుగానే చేసివైచునా, లేక చేయనీయక కప్పివైచునా యని చూచుటయే భాషాధ్యయనము చేయువారి పని.

1. చచ్చుట, చంపుట

తెలుగు క్రియలలో జంటలు పెక్కు కలవు: చచ్చు – చంపు, కాలు – కాల్చు, కూలు – కూల్చు, మునుగు – ముంచు, తగులబడు – తగులబెట్టు. మొదటి దానికి కర్తృపదముతోనే పని తీఱును; రెండవ దానికి చేసినవాడు, పడినవాడు ఇద్దఱును కావలెను. 'ఇల్లు కాలినది' యన్నచో దీపము పడి కాలియుండవచ్చును. 'ఇల్లు కాల్చినారు' అన్నచో 'ఎవరు?' అను ప్రశ్న వెంటనే పుట్టును. పల్లెటూరి ముసలమ్మ సయితము ఈ భేదమును పొరపాటున నైనను తప్పదు.

పత్రికాశీర్షిక ఈ జంటలను రెంటిని విడిచి నామవాచకమును పట్టుకొన్నది. 'మృతి', 'హతము', 'దగ్ధము', 'దహనము', 'కాల్పులు' అనునవి తఱచు కనబడు పదములు. సంస్కృత నామమునకు కర్త యక్కఱలేదు, కాలము నక్కఱలేదు. చోటు తక్కువగా నుండు శీర్షికకు ఇది అనుకూలమే. మఱియు నేరము రుజువగువఱకు ఫలానివాడు చంపెనని వ్రాయుట న్యాయమునకు విరుద్ధము. కావున కర్తను విడుచుట ఎల్లప్పుడును దోషము కాదు. కర్త తెలియనందున విడుచుట వేఱు, కర్త యెవరో యను ప్రశ్నయే పుట్టకుండునట్లు విడుచుట వేఱు. రెండవదియే మా విచారణకు విషయము.

2. 'ఘర్షణ'

1985 జూలై 17వ తేదీన ప్రకాశము జిల్లా చీరాల కడనున్న కారంచేడులో దళితవాడపై దాడి జరిగినది. త్రాగునీటి చెఱువును పాడుచేయుచుండగా దళితులు అడ్డు చెప్పుట దానికి ముందటి దినపు సంగతి. ఆరుగురు దళితులు చంపబడిరి. తక్కినవారు ఊరు విడిచి చీరాల చేరి శిబిరములలో తలదాచుకొనిరి. 1991 ఆగస్టు 6వ తేదీన గుంటూరు జిల్లా తెనాలి కడనున్న చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. సినిమాహాలులో కాలు తగిలినదను తగవు పెరిగి, దళితులను కూలిపనులకు పిలువకుండు బహిష్కారముగా మాఱి, కడకు ఈ హత్యలలో తేలినది. కొన్ని శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పడవైచిరి.

ఇట్టి సంఘటనలను చెప్పుటకు వార్తాభాషలో సిద్ధముగానున్న పదము 'ఘర్షణ'. ధాత్వర్థమును చూచినచో ఘర్షణ మనగా ఒరపిడి. రెండు వస్తువులు ఒకదాని నొకటి రాచుకొనుట. రెంటికిని అరుగుదల సమానము. 'ఇరువర్గముల నడుమ ఘర్షణ' యన్న మాటలో 'ఇరు' అను సంఖ్యయే తీర్పు చెప్పుచున్నది. మృతులందఱును ఒక ప్రక్కవారే యైనప్పుడు, తఱుమబడినవారు శవములై కాలువలో తేలినప్పుడు, అది ఒరపిడి యెట్లగును? 'దాడి' యన్నచో కొట్టినవాడును, పడినవాడును వేఱుగా కనబడుదురు. 'ఘటన' యన్న పదము మఱియొక మెట్టు దిగినది. ఉరుము ఉఱుముటయు ఘటనయే, ఆరుగురిని నఱకుటయు ఘటనయే. బాధితుల పక్షమున నిలిచినవారు 'మారణకాండ', 'ఊచకోత' యను పదములను పట్టుకొనుటకు కారణమిదియే. వానియందు కర్త పేరు లేకున్నను, కర్త యొకడు కలడను సంగతి దాగదు.

దీనికి తోడుగా వచ్చు వాక్యమొకటి కలదు: 'పరిస్థితి ఉద్రిక్తముగా నున్నను అదుపులో నున్నది.' తెలుగు పత్రికా పాఠకులకు కంఠస్థమైన వాక్యమిది. ఎవరి యదుపులో? పోలీసు పికెట్టు వేసిన పిదప వీథులు నిశ్శబ్దముగా నుండుట నిజమే. చీరాలలో శిబిరమున నున్నవారికి మాత్రము ఆ నిశ్శబ్దమే భయము. తమ యిండ్లకు తాము పోలేకుండుటయే దాని యర్థము. ప్రజాభద్రత యన్న పదమున 'ప్రజ' యెవరో ఈ వాక్యము చెప్పదు.

న్యాయస్థానములు ఈ పదములను విప్పుటకు ఎంతకాలము పట్టినదో చూడుడు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చినది. నడుమ 23 ఏండ్లు గడచినవి. ఒకనికి యావజ్జీవము, 29 మందికి మూడేండ్ల కారాగారము విధింపబడినవి. చుండూరు కేసును ఆ యూరనే నెలకొల్పిన ప్రత్యేకన్యాయస్థానము విచారించి, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవమును, 35 మందికి ఏడాది కారాగారమును విధించినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వారినందఱిని విడిచిపెట్టినది. దానిపై సుప్రీంకోర్టునకు అప్పీళ్లు చేరినవి. 'నేరము రుజువు కాలేదు' అనుటకును, 'నిర్దోషులు' అనుటకును నడుమనున్న దూరమును శీర్షిక చూపజాలదు. ఎనిమిదిమంది చంపబడిరన్నది హైకోర్టు కాదనిన విషయము కాదు. చంపినవారు వీరని తేలలేదన్నదే దాని తీర్పు. వ్యాకరణములోని కర్తృలోపము ఇచట చరిత్రలోని కర్తృలోపమైనది.

3. 'దహనము'

1993 మార్చి 8వ తేదీన చిలకలూరిపేట కడ ఆర్టీసీ బస్సునకు దుండగులు నిప్పుపెట్టగా 23 మంది ప్రయాణికులు ఆహుతియైరి. లోకమున దీనికి స్థిరపడిన పేరు 'చిలకలూరిపేట బస్సు దహనము'. దహనము సంస్కారమునకు చెల్లు మాట. సజీవులయందు దానిని వాడుట క్రూరము. అయినను ఇచట కర్త చాలకాలము మఱుగున నుండలేదు. దోపిడికై వచ్చిన ఇద్దఱు దళిత యువకులు పట్టుబడిరి. 1996 నాటికే సుప్రీంకోర్టు వారి మరణశిక్షను ఖాయపఱచినది. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవముగా మార్చిరి.

ఆ యిద్దఱి నేరము ఘోరమైనది. తగ్గించి చెప్పుట మా యుద్దేశము కాదు. అది భీతిని పుట్టించినను, రాజకీయలక్ష్యము లేనందున ఉగ్రవాదమన బడలేదు, అది సబబే. కాని మూడేండ్ల దూరమును, ఇరువదిమూడేండ్ల దూరమును ప్రక్కప్రక్కన నుంచి చూచువానికి ఒక ప్రశ్న తప్పక తోచును. కర్తలు ఇద్దఱు పేదలైనప్పుడు వారి పేర్లు త్వరగా వాక్యములోనికి వచ్చినవి. కర్త ఊరిలో బలముగల సమూహమైనప్పుడు వాక్యమే మాఱి 'ఘర్షణ' యైనది.

4. 'ఎదురుకాల్పులు', 'నెపము'

నల్లమల నంటియున్న పల్నాటిలోను, ప్రకాశము పడమటి సీమలోను నక్సలైటులకును పోలీసులకును నడచిన పోరులో రెండు పదములు తూచి చూడదగినవి. మొదటిది 'ఎదురుకాల్పులు'. 'ఎదురు' అను విశేషణమున కాలక్రమము దాగియున్నది: ముందు ఆవలివారు కాల్చిరి, పిదప ఈవలివారు బదులుగా కాల్చిరి. చట్టములో ఆత్మరక్షణ యను వాదము సరిగా ఇదియే. అనగా ఒక పక్షము న్యాయస్థానమున నిరూపింపవలసిన వాదము, సమాసరూపమున నిరూపితమై శీర్షిక కెక్కుచున్నది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఇట్టి మరణములన్నిటియందును కేసు నమోదు కావలెననియు, ఆత్మరక్షణ విచారణలో తేలవలసినదే యనియు తీర్పు చెప్పినది. దానిపై సుప్రీంకోర్టు స్టే యిచ్చినది. పిదప 2014 సెప్టెంబరులో తానే కేసు నమోదును, స్వతంత్ర దర్యాప్తును, మేజిస్ట్రేటు విచారణను ఆవశ్యకములుగా చేసి దేశమంతటికి మార్గసూత్రముల నిచ్చినది. న్యాయస్థానము 'విచారింపుడు' అనినచోట 'ఎదురు' అను మాట 'విచారించితిమి' అనుచున్నది.

రెండవది నక్సలైటుల చేత హతులైన గ్రామస్థుల వార్తలలో కనబడు 'ఇన్‌ఫార్మరను నెపముతో' అను పదబంధము. ఇన్‌ఫార్మరు అనుట చంపినవారి మాట. 'నెపము' అను నొక్క పదము చేర్చుటచే పత్రిక ఆ మాటకు తాను పూచీ పడనని తెలిపినది. చచ్చినవాని పరువు దక్కినది. అపవాదమునకు దూరముగా నిలుచు నేర్పు మన వార్తాభాషకు కలదనుటకు ఇది నిదర్శనము. ఆ నేర్పు ఒక పక్షము మాటయెడ చూపబడి, రెండవ పక్షము మాటయెడ తఱచు చూపబడకుండుటయే లోపము.

5. పేరు మాఱుట

'తీవ్రవాది' యను పదము మనిషి పనిని బట్టి కాక ఋతువును బట్టి మాఱునని 2004 చూపినది. 1992లో ప్రజాభద్రతా చట్టము క్రింద నిషేధింపబడిన పీపుల్స్ వార్ నాయకులు, నిషేధము తొలగి చర్చలకు పిలుపు రాగా 2004 అక్టోబరులో నల్లమల దిగి వచ్చిరి. గుత్తికొండ బిలము కడ సభ జరిగినది. ఆ నెల 15 మొదలు 18 వఱకు హైదరాబాదులో ప్రభుత్వముతో చర్చలు నడచినవి. ఆ దినములలో వారు 'ప్రతినిధులు', జనుల నోట 'అన్నలు'. చర్చలు చెడి, 2005 ఆగస్టు 15న మక్తల్ శాసనసభ్యుడు నర్సిరెడ్డి హత్య జరుగగా, 17న నిషేధము మరల వచ్చినది. దానితో 'నిషేధిత' యను విశేషణమును, 'తీవ్రవాది' యను విశేష్యమును మరల వచ్చినవి. మనుష్యులు వారే, తుపాకులు అవియే. మాఱినది ప్రభుత్వోత్తరువు, భాష దానిని వెంబడించినది. చేసిన పనిని చెప్పు పదము – 'కాల్చినవాడు', 'బాంబు పెట్టినవాడు' – ఉత్తరువుతో మాఱదు. కావుననే అది నమ్మదగినది.

6. 'అట'

ఈ దోషములకు విలేఖరి నొక్కనిని తప్పుపట్టుట న్యాయము కాదు. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధములను ఆరంభించిన పిదప వార్త పల్లె గడపకు వచ్చినది. వ్రాయువాడును ఆ యూరివాడే యైనాడు. రాత్రి గడువులోపల అతనికి దొరకునది పోలీసు ఠాణా చెప్పిన మాట. తెల్లవాఱి తిరుగవలసినది ఆ బలవంతుల వీథిలోనే. నామవాచకము అతనికి కవచము.

కాని మన భాషలో అంతకంటె మంచి కవచము కలదు. అదియే 'అట'. తాను కన్నదానిని, విన్నదానిని వేఱుచేసి చెప్పుటకు తెలుగువాడు తరతరములుగా వాడిన అవ్యయమిది. 'వారే ముందు కాల్చిరట' యన్నచో వక్త అబద్ధమాడలేదు, తీర్పును చెప్పలేదు. పత్రికాభాష దీనిని ఊసుపోక కబురుగా నెంచి వెలివేసినది. 'విశ్వసనీయ వర్గముల కథనము' అను పెద్ద మాటను తెచ్చుకొన్నది. 'అట' యనక పోయినను, 'అని పోలీసులు చెప్పిరి', 'అని మృతుని భార్య చెప్పినది' యని ఎవరి మాటను వారికి ముడిపెట్టినచో చాలును. కర్త తెలియనిచోట 'ఎవరో చంపినారు' అనుట మేలు. 'ఎవరో' యను పదము ప్రశ్నను బ్రతికించి యుంచును.

గుంటూరు మిర్చి యార్డులో కొనువాడు బస్తా అంతయు కుమ్మరించి చూడడు. మచ్చు తీసి చూచును. మచ్చులో మేలి కాయ నుంచి, అడుగున తాలు నింపిన బస్తాపై తగవు వచ్చును. మచ్చును బట్టి ధర పలుకును గనుక ఆ తగవు న్యాయమైనది. శీర్షిక వార్తకు మచ్చు. పెక్కుమంది పాఠకులు దానిని మాత్రమే చూచి మనసున ధర కట్టుదురు. కాయధరయందు ఈ సీమవారు చూపు జాగరూకత మనిషి ప్రాణపు ధరయందును చూపవలెనని కోరుట అత్యాశ కానేరదు.